ఏడో గడి

“ఇంట్లోవాళ్ళే తాకారని రాసింది నేనేనండీ. ఒకసారి కాదు, రెండుసార్లు. ఈ చేత్తోనే రాశాను.”

నిచ్చెన బాబాయ్ ఆ చేతిని ఒకసారి తిప్పి చూసుకుని మళ్ళీ మోకాలి మీద పెట్టుకున్నాడు. రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య మెట్ల మలుపులో, గోడకి వీపు ఆనించి, కుడికాలు చాపుకుని కూర్చున్నాడాయన. పక్కనే నిచ్చెన పడుకుని ఉంది. పని నుంచి ఇంటికొస్తూ ఆ మలుపులో ఊపిరి తీసుకోవడం ఆయనకి అలవాటు. నాలుగో అంతస్తులో ఉండే పొరుగాయన కూడా ఇంచుమించు అదే వేళకి ఆఫీసు నుంచి వస్తాడు. మొదట్లో ‘ఏం బాబాయ్ గారూ, కులాసాయేనా’ అని పక్కనుంచి ఎక్కి వెళ్ళిపోయేవాడు. తర్వాత నిలబడి వినడం మొదలుపెట్టాడు. ఇప్పుడు సంచీ మెట్టు మీద పెట్టి కూర్చుంటున్నాడు.

“అలా ఎలా రాశారు? చూడకుండానే?”

“చూశానండీ. చూసినా ఏమీ తెలియనప్పుడు రాసేదే అది.”

ఇళ్ళల్లో దొంగల అలారాలు బిగించడం, అవి మొరాయిస్తే బాగుచేయడం ఆయన పని. ఇరవై రెండేళ్ళుగా అదే పని, అదే కంపెనీ. కంపెనీ ఇచ్చిన నిచ్చెన తాగినవాడిలా తూలుతుందని సొంతంగా ఒకటి కొనుక్కున్నాడు. ఎక్కడికెళ్ళినా దాన్ని భుజాన వేసుకునే వెళ్తాడు కాబట్టి ఆఫీసులో కుర్రకారు ఆ పేరు పెట్టారు. అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా కనపడదు. మనిషి సన్నం, మాట నిదానం. యాభై ఎనిమిదేళ్ళు. మోకాలు మాత్రం రోజూ ఆయనకంటే ముందే లేచి మూలుగుతుంది.

“ట్యాంపర్ అలారం అని ఒకటుంటుందండీ. అంత అనుమానపు పీనుగ ఇంకోటి లేదు,” అన్నాడు. “హాలు మూలలో, పైకప్పుకి జానెడు కింద తెల్లడబ్బా ఉంటుంది చూడండి, మనిషి కదిలితే కనిపెట్టేది. దాని వెనక పెసరగింజంత బొత్తం ఉంటుంది. డబ్బా గోడకి ఆనుకుని ఉన్నంతసేపూ అది నొక్కుకుని ఉంటుంది. ఎవరైనా డబ్బా పీకబోయారా, బొత్తం పైకి లేస్తుంది. సైరన్ మోగుతుంది, ఇంటివాళ్ళ ఫోన్‌కి కబురు పోతుంది. దొంగ ముందుగా డబ్బా నోరు నొక్కేయకుండా చేసిన ఏర్పాటన్నమాట.”

“మంచిదేగా.”

“మంచిదే. కానీ పదిసార్లు మోగితే తొమ్మిదిసార్లు ఎవరూ పీకి ఉండరు. స్క్రూ వదులైపోతుంది. బ్యాటరీ నీరసపడుతుంది. చీమలు కాపురం పెడతాయి. ఒకింట్లో బల్లి దూరింది. ఇంకో ఇంట్లో ఆ ఇంటాయన రోజూ దానికి టోపీ తగిలించేవాడు. నేను కనిపెట్టేదాకా నెలరోజులు పెళ్ళాన్ని అనుమానించాడు.”

పొరుగాయన నవ్వాడు. బాబాయ్ నవ్వలేదు.

కంపెనీలో ఫిర్యాదు కాగితం ఒకటుంటుంది. అందులో కారణాలకి ఎనిమిది గళ్ళు. బ్యాటరీ అని టిక్కు పెడితే పాత బ్యాటరీ తెచ్చి చూపించాలి. స్క్రూ అంటే ఫోటో తీయాలి. డబ్బా లోపమంటే డబ్బా ఒప్పజెప్పి రెండో సంతకం పెట్టించాలి. ఏడో గడి ఒక్కటే ఏ బాదరబందీ లేనిది. ‘ఇంట్లోవారు తాకడం వల్ల.’ దాంట్లో టిక్కు పెడితే ఎవరూ ఏమీ అడగరు, ఫిర్యాదు అక్కడితో మూసేసినట్టే. అందుకే పనివాళ్ళందరికీ అది అలవాటైపోయింది. ఏం జరిగిందో తేలకపోతే ఏడు. ఆలస్యమైపోతుంటే ఏడు. ‘ఏడు కొట్టి ఏడవకుండా ఇంటికి పో’ అని కొత్తవాళ్ళకి మొదటిరోజే చెప్తారు. చెప్పేవాళ్ళలో బాబాయ్ కూడా ఉన్నాడు.

ఆ అలవాటు మీదే ఆ ఇంట్లో కూడా ఏడు కొట్టాడు.

ఆ ఇంట్లో ముగ్గురు. రక్తపరీక్షల ల్యాబులో పనిచేసే కూతురు, ఏదో రవాణా ఆఫీసులో చేసే అల్లుడు, వాళ్ళతో ఉండే పెద్దావిడ. పొద్దున్న ఎనిమిదిన్నరకి వెళ్ళిన దంపతులు సాయంత్రం ఆరింటికి వస్తారు. మధ్యలో ఇంట్లో ఉండేది పెద్దావిడ ఒక్కతే. అలారం మోగేది కూడా ఆవిడ ఒక్కతే ఉన్నప్పుడే. అదీ మధ్యాహ్నం మూడున్నరకీ నాలుగుకీ నడుమ. నెలలో ఐదుసార్లు. ప్రతిసారీ ‘హాలులో పరికరం తెరవబడింది’ అని ఫోన్‌కి కబురు, కూతురు చేతి తొడుగులు విసిరికొట్టి ఇంటికి పరుగు.

మొదటిసారి బాబాయ్ పొద్దున్న పదకొండింటికి వెళ్ళాడు. అన్నీ నిక్షేపంలా ఉన్నాయి. మూత గట్టిగా నొక్కాడు, స్క్రూలు బిగించాడు, బ్యాటరీ చూశాడు. అప్పటికింకా ఆరు ఇళ్ళు మిగిలి ఉన్నాయి. ఏడు కొట్టాడు.

రెండోసారి కూడా పొద్దున్నే. ఈసారి డబ్బాని గోడకి పట్టి ఉంచే పాత పళ్ళెం మీదే కొత్త డబ్బా తగిలించాడు. నిచ్చెన దిగుతూ ఉంటే, మూలలో డబ్బా కిందుగా ఒక స్టూలు కనపడింది. ‘ఇదిక్కడ ఎందుకుందమ్మా’ అని అడిగితే, గడియారం మీద దుమ్ము తుడవడానికి ఎక్కానంది పెద్దావిడ. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు ఆ మాట అంటూనే తడబడింది. బాబాయ్‌కి మనసు కుదుటపడింది. ఓహో, ఇదన్నమాట అనుకుని మళ్ళీ ఏడు కొట్టాడు. ఈసారి కాస్త నమ్మకంగా కొట్టాడు.

“ఆ రోజు హాయిగా నిద్రపట్టిందండీ నాకు,” అన్నాడు. “అదే ఇప్పుడు గుర్తొస్తే నిద్ర పట్టదు.”

మూడోసారి ఫోను కూతురే చేసింది. కంట్రోల్ రూమ్‌కి కాదు, నేరుగా ఆయనకే. గొంతులో కోపం లేదు, అలసట ఉంది. అలసటని అలసట ఇట్టే పోల్చుకుంటుంది కదా.

“ఒకటో తారీఖు నుంచి అమ్మని, పెద్దవాళ్ళని పగటిపూట చూసుకునే కేంద్రంలో దింపేద్దామనుకుంటున్నామండీ. ఇంటి తాళంచెవి కూడా తీసేసుకోమంటున్నారు మావారు. మీరే రాశారు కదా, ఇంట్లోవాళ్ళు తాకుతున్నారని. మావారు ఆ కాగితం ఫ్రిజ్‌కి అతికించారు. నిప్పు లేనిదే పొగ రాదంటారు ఆయన. స్టూలెక్కి పడిందంటే ఈ వయసులో తుంటి విరుగుతుంది. అదీ నా భయం. మీరొకసారి వచ్చి, ఆ డబ్బా స్టూలెక్కినా అమ్మ చెయ్యి అందని చోట పెట్టేసి వెళ్ళండి.”

“మీ అమ్మగారేమంటారమ్మా?”

“మొదట్లో దెబ్బలాడేది. ఇప్పుడు, నేనే తీసుంటానేమోలే, గుర్తులేదు, అంటోంది. అదే నా ప్రాణం తోడేస్తోంది.”

ఆ రోజు బాబాయ్ మిగతా ఇళ్ళని మర్నాటికి తోసేసి రెండింటికే వెళ్ళి కూర్చున్నాడు. పని చేయడానికి కాదు, చూడటానికి. ఇరవై రెండేళ్ళలో ఒక ఇంట్లో ఊరికే కూర్చోవడం అదే మొదటిసారి.

పెద్దావిడ ఎదురు కుర్చీలో కూర్చుంది. ముప్పై ఏళ్ళు కాన్పుల వార్డులో నర్సు. ఆపరేషను అయ్యాక కత్తెరలు, గుడ్డలు లెక్కపెట్టి, అన్నీ బయటికొచ్చాయని చెప్తే తప్ప డాక్టరు కుట్లు వేసేవాడు కాదట. “ఒక్కసారి కూడా లెక్క తప్పలేదు నాయనా,” అంది. గొప్ప చెప్పుకోవడంలా లేదు, ఎవరికో సంజాయిషీ ఇస్తున్నట్టుంది.

ఒళ్ళో ఒక నోటుపుస్తకం. మధ్యమధ్యలో గడియారం చూసి ఏదో రాస్తోంది. ఆయన మెడ సాచడం చూసి తనే పుస్తకం తిప్పి చూపించింది. అక్షరాలు వంకర పోకుండా, వార్డులో రాసినట్టే ఉన్నాయి. ‘2.10 మంచినీళ్ళు తాగాను. 2.25 కిటికీ తలుపు వేశాను. 2.40 అలారం మనిషి రెండింటికి వచ్చాడని గుర్తుంది.’ వెనక పేజీలో, పోయిన వారానిది: ‘3.40 మోగింది. నేను కుర్చీలోనే ఉన్నాను. అనుకుంటున్నాను.’

“అనుకుంటున్నాను అని ఎందుకు రాశారమ్మా?”

“ఒట్టేసి చెప్పలేను కదా. మా అల్లుడు మంచివాడు, ఊరికే అనడు. కాగితం కూడా ఉందాయె.”

ఆ కాగితం రాసినవాడు ఎదురుగానే కూర్చున్నాడని ఆవిడకి తెలియక కాదు. ఆయన్ని అనాలని తోచలేదు, అంతే. బాబాయ్ తల వంచుకుని స్క్రూడ్రైవర్ పిడి తుడుచుకున్నాడు.

మూడూ ముప్పై ఎనిమిదికి సైరన్ మోగింది.

ఇద్దరూ కదల్లేదు. పెద్దావిడ డబ్బా వైపు చూడలేదు, ఆయన వైపు చూడలేదు. ఒళ్ళో ఉన్న తన రెండు చేతుల వైపు చూసింది.

“నా చేతులు ఇక్కడే ఉన్నాయి కదా నాయనా?”

“ఉన్నాయమ్మా.”

“నువ్వు చూశావు కదా?”

“చూశాను.”

ఆయన లేచి సైరన్ ఆపి, కూతురికి ఫోన్ చేసి రావద్దని చెప్పి, నిచ్చెన వేశాడు. మూడో మెట్టు మీద మోకాలు కలుక్కుమంది. పట్టుకోసం గోడ మీద అరచెయ్యి ఆనించాడు. గోడ వేడిగా ఉంది. జ్వరం వచ్చిన పసివాడి వీపులా ఉంది.

“ఈ గోడ ఇంత కాలుతోందేమిటమ్మా?”

“అవతల పాత గోదాము ఉండేది కదా. పోయిన నెల పడగొట్టేశారు. అప్పట్నుంచి మధ్యాహ్నం ఎండంతా దీనిమీదే.”

పొద్దున్న పదకొండింటికి వచ్చేవాడికి ఆ వేడి ఎక్కడ తగులుతుంది? డబ్బా తీశాడు. ఎప్పుడూ తీయని పళ్ళెం కూడా ఈసారి విప్పాడు. దాని వెనకనుంచి ఏదో రాలి, నిచ్చెన మెట్ల మీదుగా నేల మీద పడింది. మూడు మడతలు పెట్టిన అట్టముక్క. ఎండుటాకులా పెళుసెక్కిపోయింది.

ఆ మడత ఆయనకి తెలుసు. ఎనిమిదేళ్ళ కిందట ఆ డబ్బా బిగించినప్పుడు అక్కడ గోడలో చిన్న గుంట ఉంది. పళ్ళెం కన్నంలోంచి వచ్చే బొత్తానికి గోడ తగల్లేదు. గుంటకి పుట్టీ పెట్టి, ఆరాక మర్నాడు మళ్ళీ రావాలి. మళ్ళీ ఎవడొస్తాడని, డబ్బా వచ్చిన అట్టపెట్టె చెవి చింపి, మూడు మడతలు పెట్టి సందులో దోపాడు. కంపెనీ ఒప్పుకోని పని. కానీ ఒప్పుగా నిలబడింది. ఇప్పుడు ఎండ తగిలి అట్ట బక్కచిక్కింది. మధ్యాహ్నం గోడ కాగేసరికి వెంట్రుకవాసి సందు. బొత్తం పైకి. సాయంత్రం గోడ చల్లారితే మళ్ళీ యథాప్రకారం.

దొంగకి తేలు కుట్టినట్టయింది ఆయన పని. దిగి, అట్టముక్క తీసి జేబులో వేసుకున్నాడు.

“ఏం దొరికింది నాయనా?”

“ఏదో చెత్తమ్మా.”

పెద్దావిడ గడియారం చూసింది. పుస్తకం తెరిచి రాసుకుంది. ‘4.05 చెత్త దొరికింది.’

“అది చూసి ఆగలేకపోయానండీ,” అన్నాడు బాబాయ్ పొరుగాయనతో. “నా అబద్ధం కూడా టైముతో సహా రాసుకుంటోంది ఆవిడ. అది కూడా నమ్మేసి.”

జేబులోంచి అట్టముక్క తీసి ఆవిడ చేతిలో పెట్టాడు. చెత్త కాదు, నేను పెట్టిందే అని మొదలుపెట్టి, గుంట సంగతి, ఎండ సంగతి, రెండుసార్లు కొట్టిన ఏడో గడి సంగతి, అన్నీ చెప్పేశాడు. ఆవిడ ఏడవలేదు, తిట్టలేదు. అట్టముక్కని వెలుగులో అటూ ఇటూ తిప్పి చూసింది, కడుపులో మర్చిపోయిన గుడ్డముక్కని చూసినట్టు.

“ఇలాంటివి ఎన్ని ఇళ్ళల్లో పెట్టావు?”

ఆయన చెయ్యి చొక్కా జేబులోని డైరీని తడిమింది.

“మరి ఆ ఇళ్ళల్లో ఎవరిని అంటున్నారో,” అంది ఆవిడ. తర్వాత, “మాటగా చెప్తే మా అల్లుడికి ఎక్కదు. కాగితం మీద రాసివ్వు నాయనా. ఆయనకి కాగితమే ప్రమాణం,” అంది.

రాసిచ్చాడు. ఫిర్యాదు కాగితంలో ఏ గడీ సరిపోలేదు. ఎనిమిదింటినీ వదిలేసి కింద ఖాళీలో తన చేతిరాతతో రాశాడు: ‘ఇంట్లోవారు ఎవరూ తాకలేదు. బిగించినప్పుడు నేను పెట్టిన అట్ట కుంచించుకుపోవడం వల్ల మోగింది. ముందు రెండుసార్లు నేను రాసింది తప్పు.’ ఒక ప్రతి ఆవిడకిచ్చి, ఇంకోటి ఆఫీసులో ఇచ్చాడు.

మేనేజరు అది చదివి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. ఆయన కూడా చెడ్డవాడు కాడు. అలసిపోయినవాడే.

“బాబాయ్, ఎందుకొచ్చిన గొడవ చెప్పు. డబ్బా లోపం అని రాయి. నేను రెండో సంతకం పెడతాను.”

“డబ్బా కొత్తదండీ. వాళ్ళకీ తెలుసు.”

“ఇది పైకి వెళ్ళిందంటే, నువ్వు అట్ట పెట్టిన ప్రతి ఇంటికీ నువ్వే వెళ్ళి తీయాలి. నీ డైరీలో గుర్తులున్నాయా?”

“అట్ట పెట్టిన ప్రతి ఇంటి పక్కనా చుక్క పెట్టుకున్నానండీ. నూట నలభై రెండు.”

“మరి కుర్చీ?”

కుర్చీ సంగతి ఇదీ. వచ్చే నెల నుంచి ఆయన్ని కంట్రోల్ రూమ్‌లో కూర్చోబెడతామన్నారు. ఇంక నిచ్చెన ఎక్కక్కర్లేదు, ఫోనెత్తి మాట్లాడితే చాలు. రెండేళ్ళు అడిగితే వచ్చింది. ఒకరోజు భోజనాలప్పుడు ఎవరూ లేనప్పుడు వెళ్ళి అందులో కూర్చుని చూసుకున్నాడు కూడా. వెనక్కి వాలుతుంది. కాళ్ళు చాపుకోవచ్చు.

“కుర్చీ తర్వాత చూద్దాంలెండి,” అన్నాడట.

“తర్వాత అంటే?”

“నూట నలభై రెండు అయ్యాక.”

మేనేజరు కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని, కాగితం మీద ముద్ర వేసి పైకి పంపేశాడు. కంట్రోల్ రూమ్‌లో పనిచేసే అమ్మాయి, “బాబాయ్, మీ కుర్చీలో నా సంచీ పెట్టుకోనా అయితే?” అంది. పెట్టుకోమన్నాడు.

ఇంటికొచ్చి భార్యకి చెప్పినప్పుడు ఆవిడ కుట్టుమిషను ఆపలేదు. చుట్టుపక్కల వాళ్ళకి బట్టలు కుట్టిపెడుతుంది ఆవిడ. జాకెట్టు చెయ్యి పూర్తిగా కుట్టి, దారం పంటితో తెంపి అప్పుడంది, “దోపేటప్పుడు చిటికెలో దోపారు. తీసేటప్పుడు తెలుస్తోందా?”

“తెలుస్తోంది.”

“నూట నలభై రెండు నిచ్చెనలు. పెళ్ళిలో ఏడడుగులు వేయడానికే ఆయాసపడ్డారు మీరు.”

రెండ్రోజుల తర్వాత మిగిలిన మందపాటి గుడ్డతో మోకాలికి కట్టుకునే పట్టీ ఒకటి కుట్టి, చెప్పుల పక్కన పడేసింది. ఇప్పుడు ప్యాంటు కింద ఉబ్బెత్తుగా కనపడుతున్నది అదే. పువ్వుల గుడ్డట. ‘ఎవరూ చూడరు కదా, ఏదైతేనేం’ అందట.

“ఇప్పటికి ఎన్నయ్యాయి?” అడిగాడు పొరుగాయన.

“ఇరవై ఆరు. ముందు ఎండ తగిలే గోడలు చేస్తున్నాను. అట్టముక్క తీయడం, గుంటకి పుట్టీ పెట్టడం, మర్నాడు వెళ్ళి బిగించడం. అంటే ఇంటికి రెండుసార్లు ఎక్కాలి. అప్పుడు ఎగ్గొట్టిన ఆ రెండోసారి ఇప్పుడు వచ్చి మెడకి చుట్టుకుంది.”

“ఆ పెద్దావిడ సంగతేమైంది మరి? కేంద్రానికి పంపేశారా?”

“లేదట. అల్లుడు కాగితం రెండుసార్లు చదివి, ఫ్రిజ్ మీద పాతదాన్ని చింపేసి ఇది అతికించాడట. ఆవిడతో ఒక్క ముక్క మాట్లాడలేదు కానీ మర్నాడు స్టూలు కాళ్ళకి రబ్బరు తొడుగులు తెచ్చి తొడిగాడట. తాళంచెవి ఆవిడ దగ్గరే ఉంది. కూతురు ఫోన్ చేసి చెప్పింది.” మోకాలు రుద్దుకుంటూ, “ఆవిడ ఇంకా ఆ పుస్తకంలో రాస్తోందా అని అడగాలనిపించింది. మొహం చెల్లలేదు,” అన్నాడు.

మెట్ల కిటికీలోంచి వచ్చే వెలుగు నిచ్చెన మీంచి జారి గోడ మీదకి పోయింది. పైన ఎవరిదో తలుపు తీసి వేసిన చప్పుడైంది. పొరుగాయన సంచీ అందుకుని లేవబోయి, మళ్ళీ కూర్చున్నాడు.

“మా ఇంట్లో కూడా పోయిన వారం మోగింది బాబాయ్ గారూ. మధ్యాహ్నం పూట. మేమిద్దరం ఇంట్లో లేము. మా అత్తగారు బూజు దులపబోయి కదిపారేమో అనుకున్నాం.”

“అనుకున్నారా, అన్నారా?”

పొరుగాయన సంచీ పట్టీ సవరించుకున్నాడు. “మా ఆవిడ అంది. నేనూ కాదనలేదు.”

బాబాయ్ చొక్కా జేబులోంచి చిన్న డైరీ తీశాడు. అంచులు నలిగి మెత్తబడిపోయింది. వేలు తడి చేసుకుని పేజీలు తిప్పి ఒకచోట ఆగాడు. అక్కడ ఈ భవనం, నాలుగో అంతస్తు, ఆరేళ్ళ కిందటి తేదీ. పక్కన పెన్సిలు చుక్క.

“మీది పడమటి గోడే,” అన్నాడు. “మీ ఇంటిని వరసలో నలభయ్యోదిగా వేసుకున్నాను. మా ఇంటి పైనే కదా, ఎప్పుడైనా ఎక్కొచ్చులే అని వెనక్కి నెట్టాను. అది కూడా తప్పే.”

మోకాలు రెండు చేతులతో పట్టుకుని మెల్లగా లేచాడు. పొరుగాయన చెయ్యి అందించబోతే వద్దన్నట్టు తల ఊపి, నిచ్చెన భుజానికెత్తుకున్నాడు. అంతా కలిపి ఇంకా పదిమెట్లే ఆయన ఇంటికి.

“గురువారం మధ్యాహ్నం వస్తాను. ఆ డబ్బా కింద మీకు పుస్తకాల బీరువా ఉన్నట్టు గుర్తు. దాన్ని ఒక బారెడు పక్కకి జరిపించండి. ఓరగా వేసిన నిచ్చెన ఇంక నావల్ల కాదు. అదేం తొందర లేదు, గురువారానికి చాలు. మీరు మాత్రం ఇప్పుడే వెళ్ళి, కాళ్ళు కడుక్కోకముందే, ఆ డబ్బాని ఎవరూ ముట్టుకోలేదని మీ అత్తగారితో చెప్పండి. మీ ఆవిడ వినేటట్టు చెప్పండి.”